తెమ్మంటే తెచ్చింది

జక్రయ్య కుక్క రూబీకి ఇంగ్లీషు వచ్చని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. నిజానికి దానికి వచ్చింది మూడే మాటలు. సిట్ అంటే కూర్చునేది, స్టే అంటే కదిలేది కాదు, గో అంటే విసిరినదాన్ని నోట కరుచుకొచ్చి జక్రయ్య కాళ్ల దగ్గర పెట్టేది. అన్నీ ఫోన్లో వీడియోలు చూసి నేర్పినవే. ఆ వీడియోల్లో దొరలు రబ్బరు బంతులు విసురుతారు. మిరప చేల గట్ల మీద బంతులెక్కడ దొరుకుతాయి? పురుగుమందు ఖాళీ డబ్బాలైతే అడుగుకొకటి దొరుకుతాయి.

"మూగజీవి నోట్లో అవేంటయ్యా?" అని భార్య కొండమ్మ గొడవ చేసేది.

"కడిగే విసురుతున్నాగా" అనేవాడు. కడిగేవాడు కూడా, ఆ ఒక్క రోజు తప్ప.

ఆ రోజు పొద్దున పెద్ద రైతు ఆదెయ్య గట్టు దగ్గర బండి ఆపి, "ఏదీ, నీ కుక్క చదువు చూపించు" అన్నాడు. అంతే, జక్రయ్య ఉబ్బిపోయాడు. కాలవ దాకా వెళ్లి కడుక్కొచ్చే ఓపిక ఎక్కడిది? ముందురోజు సాయంత్రం మందు కొట్టి పడేసిన డబ్బానే తీసి విసిరాడు. మూత వదులుగా ఉంది, అడుగున కాస్త మందూ ఉంది. రూబీ ఎనిమిదిసార్లు తెచ్చింది. తొమ్మిదోసారి డబ్బాని దారిలో వదిలేసి మూతిని గడ్డికేసి రుద్దుకుంది. ఆదెయ్య నవ్వాడు. ఆ నవ్వుకి జక్రయ్యకి తల కొట్టేసినట్టయి, "గో!" అని గట్టిగా కసిరాడు. అది వెనక్కెళ్లి తెచ్చిపెట్టింది.

ఇంటికొచ్చేసరికి రూబీ నోటివెంట నురగ మొదలైంది. కాళ్లు కొట్టుకుంటోంది. జక్రయ్య వంగాడు. గుప్పున మందు వాసన కొట్టింది. తను విసిరిన డబ్బా పనేనని అతనికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. కొండమ్మ ఏడుపు విని వీధంతా పోగయింది. "మందు పెట్టిందెవడ్రా?" అన్నారెవరో. పక్కింటి యలమంద, తన కోడిపెట్టని రూబీ పట్టుకుందని, "దీనికి మందు పెట్టకపోతే చూడండి" అని నాలుగు రోజుల కిందటే అందరి ముందూ అరిచి ఉన్నాడు.

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే నోటితోనే, "ఇంకెవడు? యలమంద!" అన్నాడు జక్రయ్య.

అని ఊరుకున్నాడా! యలమంద గుమ్మం ముందు నిలబడి అరగంట తిట్టాడు. తిట్టినకొద్దీ తప్పు తనది కాదనిపించింది. యలమంద కూడా ముందు నాలుగు తిట్లు తిరిగి తిట్టాడు. తర్వాత నేల మీద కొట్టుకుంటున్న కుక్కని చూసి ఆగిపోయాడు. లోపలికెళ్లి ఆటో తాళం తెచ్చాడు.

"ఒరేయ్, తర్వాత తిడుదువుగానీ. ముందు దాన్ని ఎక్కించు."

వినుకొండలో పశువుల డాక్టరు జ్యోతిర్మయి రూబీ కళ్లు విప్పి చూసింది. "ఏం మందండీ? పేరు తెలిస్తే దానికి తగ్గ విరుగుడు ఇస్తాను. త్వరగా చెప్పండి."

పేరు జక్రయ్య నాలుక చివరే ఉంది. కానీ పక్కనే యలమంద, చొక్కా నిండా రూబీ కక్కిన నురగతో నిలబడి ఉన్నాడు. చెబితే ఆ మనిషి మొహం ఎలా చూడాలి?

"తెలియదండి" అన్నాడు.

యలమంద అతని భుజం పట్టుకున్నాడు. "నేనే పెట్టానంటే కుక్క బతుకుద్దంటే, అట్టాగే అనేవాణ్ణిరా. కానీ ఆవిడ పేరు అడుగుతుంది గదా. నేనేం పేరు చెప్పను?"

జక్రయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. మందు పేరు చెప్పాడు. "ఇతను కాదండి, నేనే. డబ్బా నా చేత్తో నేనే విసిరాను. అది వద్దని వదిలేస్తే కసిరి మరీ తెప్పించాను."

డాక్టరమ్మ ఇంజెక్షను మీద ఇంజెక్షను ఇచ్చింది. రూబీ దక్కలేదు. "ఇంకో అరగంట ముందు తెచ్చుంటే బతికేదేమో" అంది చేతులు కడుక్కుంటూ. ఆ అరగంట ఎక్కడ పోయిందో అక్కడున్న ఇద్దరు మగాళ్లకీ తెలుసు.

తిరిగొచ్చి ఊళ్లో ఆటో ఆపగానే యలమందే రూబీని గోనెపట్టాలో ఎత్తుకుని దిగాడు. కొండమ్మ పరుగున వచ్చి, గుప్పెడు మన్ను తీసి అతని మొహాన కొట్టింది.

"బిడ్డలా పెంచుకున్నాను గదరా! నీ చేతులు పడిపోను!"

యలమంద చేతులు ఖాళీగా లేవు. కళ్లలో పడ్డ మన్ను తుడుచుకోలేక అలాగే నిలబడ్డాడు. జక్రయ్య చేసింది ఇదని ఒక్క మాట కూడా అనలేదు. వీధి వీధంతా చూస్తోంది. కొండమ్మ వంగి ఇంకో గుప్పెడు తీసింది.

జక్రయ్య అడ్డం వచ్చాడు. "వాడు కాదే. నేనే చంపాను. చంపి వాడి మీద పెట్టాను. ఆ మన్ను నా మొహాన కొట్టు."

కొండమ్మ అతని వంక చూసింది. చూస్తుండగానే పిడికిలి విడిపోయి, మన్నంతా ఆమె కాళ్ల మీదే రాలిపోయింది. మొగుణ్ణి దాటుకెళ్లి, కొంగుతో యలమంద కళ్లు తుడవసాగింది.