పక్క సీటు బ్రేకు

డ్రైవింగు స్కూలు కారులో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చుని నేర్పేవాళ్ల కాలి కింద. ఆ రెండో బ్రేకు మీద బతికే మనిషి కాబట్టి ఆ స్కూల్లో నేర్పే ఆవిడకి శిష్యులు బ్రేకమ్మ అని పేరు పెట్టారు. మొహం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఆ పేరు ఆవిడ చెవిన పడకపోలేదు. పడితే కోప్పడలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయింది కూడా. తన కారు మీద ఇంతవరకూ గీత పడలేదంటే అదంతా ఆ కాలి చలవేనని ఆవిడ గట్టి నమ్మకం.

ఆ కాలికి సెలవంటూ లేదు. బస్సులో వెళుతుంటే సందులోంచి సైకిలు తొంగిచూస్తే చాలు, ఆవిడ పాదం నేలని తొక్కేస్తుంది. వంటింట్లో పాలు పొంగబోతున్నా తొక్కుతుంది. భర్త కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించే పని చేస్తాడు. నీ కాలి కింద గచ్చు నా అద్దాలకంటే నున్నగా అరిగిపోయిందని ఆవిడని ఏడిపిస్తూ ఉంటాడు.

వాళ్లకి ఒక్కతే కూతురు. కుదురుగా ఒకచోట కూర్చోలేని పిల్ల, కడుపులో మాట దాచుకోలేని పిల్ల, అందుకే ఇంట్లో అందరికీ సిసింద్రీ. బడి నుంచి వస్తూనే చెప్పులు ఒక మూల, సంచి ఒక మూల పారేసి, ఆ రోజు జరిగిందంతా ఊపిరి తీసుకోకుండా చెప్పేది. వద్దన్నా వినిపించేది. ఆ వాగుడుకి తల వాచిపోతోందని తల్లి విసుక్కునేది. దాని విలువ ఆవిడకి తర్వాత గానీ తెలిసిరాలేదు.

పైతరగతికి వచ్చాక చదువు కోసం పిల్లకి ఫోను కొనక తప్పలేదు. ఇంటర్నెట్ అనగానే తల్లిదండ్రులిద్దరికీ గుండెల్లో రాయి పడింది. తండ్రి వెళ్లి ఫోను దుకాణంవాడి చేత అందులో ఒక అడ్డుకట్ట సాఫ్ట్‌వేరు వేయించుకొచ్చాడు. చెడ్డవన్నీ అదే ఆపేస్తుందట, ఇక మనం నిశ్చింతగా ఉండవచ్చునని ఆయన చెబితే, బ్రేకమ్మకి కూడా అది సబబుగానే తోచింది. ఎంతైనా అదీ ఒక బ్రేకే కదా.

ఆ సాఫ్ట్‌వేరుకి బుద్ధి తక్కువ, పట్టుదల ఎక్కువ. మనిషి శరీరం గురించిన సైన్సు పాఠాన్ని మూసేసింది. బొమ్మలు గీయడం నేర్పే పాఠంలో కాగితాలు కోసే కత్తి కనబడిందని దాన్నీ మూసేసింది. సిసింద్రీ మొదట్లో గొంతు చించుకుని మొత్తుకుంది. తర్వాత మానేసింది. పిల్ల దారిలో పడిందని తల్లిదండ్రులు సంతోషించారు. అసలు సంగతేమిటంటే, పిల్లకి వేరే దారి దొరికింది.

ఆ దారి పై అంతస్తులో ఉంది. అక్కడుండే స్నేహితురాలి ఫోనుకి ఏ అడ్డూ లేదు. సాయంత్రం కలిసి చదువుకుంటామని పైకి వెళ్లిన సిసింద్రీ, ఆ ఫోనులో పిల్లుల బొమ్మలు గీసేవాళ్ల గుంపు ఒకదాంట్లో చేరింది. గీసిన బొమ్మలు అక్కడ పెట్టేది, తెలియనివాళ్లంతా మెచ్చుకుంటుంటే పొంగిపోయేది. ఒకరోజు మెట్ల మీద ఆ స్నేహితురాలి తల్లి ఎదురై, మీ అమ్మాయి గీసిన పిల్లులకి భలే పేరొచ్చిందండీ అంటూ, పాపం, మెచ్చుకోలుగానే నోరు జారింది.

బ్రేకమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. సగం దిగిన మెట్లు మళ్లీ ఎక్కి, ఆ ఇంట్లోకి వెళ్లి, పిల్లల చేతుల్లోంచి ఫోను లాక్కుంది. అంతటితో ఆగినా బాగుండేది. స్నేహితురాలి ముందూ, ఆమె తల్లి ముందూ కూతురు రాసుకున్న మాటలన్నీ పైకి చదివింది. వాటిలో తప్పేమీ లేదు. పిల్లి మీసాల గురించి, రంగు పెన్సిళ్ల గురించి పిల్లల కబుర్లు. మధ్యలో ఒకచోట మాత్రం, "మా అమ్మ మంచిదే, కానీ ఆవిడకి అన్నిటికీ భయం" అని ఉంది. అదీ పైకి చదివేశాక గానీ బ్రేకమ్మ నాలిక్కరుచుకోలేదు. సిసింద్రీ మొహం ఎర్రబడి, తర్వాత తెల్లబోయింది. తల్లి ఆ పిల్లని రెక్క పట్టుకుని కిందికి తీసుకొచ్చి, ఇంట్లో ఉన్న ఫోనుని బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఆ రోజు నుంచి సిసింద్రీ బెల్లం కొట్టిన రాయి అయిపోయింది. అడిగితే జవాబు, అడగకపోతే లేదు. బడి ఎలా ఉందంటే బాగుంది అనేది. చెప్పులు జతగా పెట్టేది, సంచి కొక్కేనికి తగిలించేది. అలా కుదురుగా తిరుగుతున్న కూతుర్ని చూస్తే బ్రేకమ్మకి ఒకటే తోచేది. పిల్లకి కష్టమొస్తే ఇక తనకి చెప్పదు. ఆ ఒక్క సంగతీ తలుచుకుంటే అన్నం సయించేది కాదు.

ఇంతలో పళ్ల డాక్టరుగారి డ్రైవింగు పరీక్ష వచ్చింది. ఆయన ఆవిడ శిష్యుల్లో పెద్దవాడు, బుద్ధిమంతుడు, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఆయన తప్పకుండా పాసవుతాడని బ్రేకమ్మ అందరితో చెప్పింది. తీరా చూస్తే, మొదటి కూడలిలోనే ఎర్రలైటు ముందు డాక్టరుగారు కారుని ఆపలేదు. గీత దాటి నింపాదిగా ముందుకు పోనిచ్చారు. పక్కనున్న పరీక్ష అధికారి గుండె చేత్తో పట్టుకుని రెండో బ్రేకు తొక్కి, అక్కడితో పరీక్ష సరి అన్నాడు.

గేటు బయట చెట్టు నీడలో ఎదురుచూస్తున్న బ్రేకమ్మ, లైటు కనబడలేదా అని అడిగింది.

"కనబడింది మేడమ్. కానీ కారు ఎప్పుడూ దానంతటదే ఆగేది కదా, అందుకని చూస్తూ ఉన్నాను," అన్నారు డాక్టరుగారు.

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. తన మీద తనకే ఆశ్చర్యంగా ఉన్నట్టు చెంప గోక్కున్నారు. బ్రేకమ్మకి మాత్రం ఆ మాట సూటిగా తగిలింది. ఇన్నాళ్లూ ఆయన కాలు కదిలేలోపే తన కాలు కదిలిపోయేది. ఆయనకి స్టీరింగు వచ్చింది, గేర్లు వచ్చాయి. ఆగడం ఒక్కటే రాలేదు. వచ్చేందుకు తను సందు ఇస్తేగా.

తిరిగి వెళ్లేటప్పుడు డాక్టరుగారినే నడపమంది. తన రెండు కాళ్లూ ఎత్తి సీటు మీద బాసింపట్టు వేసుకుంది. బెదురుగొడ్డు శిష్యులకి ఆవిడ నేర్పే పద్ధతి ఒకటుంది. దారిలో కనబడేదంతా పైకి చెబుతూ నడపాలి. నేను తొక్కను, మీరు చెబుతూ నడపండి అంది. ఆయన మొదట నీళ్లు నమిలి, తర్వాత మొదలుపెట్టారు. ముందు లారీ ఉందన్నారు. ఎడమవైపు ఆగిన కారులో మనిషి ఉన్నాడు, తలుపు తీస్తాడేమో అన్నారు. గోడ పక్కనుంచి బంతి దొర్లుకొచ్చింది, దాని వెనక పిల్లలొస్తారు అంటూ, ఆ మాట నోట్లో ఉండగానే బ్రేకు తనే వేశారు. బంతి వెనకాలే ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి, దాన్ని తీసుకుని వెళ్లిపోయింది. బ్రేకమ్మ బాసింపట్టులో అలాగే కూర్చుని కళ్లు తుడుచుకుంది. డాక్టరుగారు తన వల్ల ఏదో తప్పు జరిగిందేమోనని కంగారుపడ్డారు.

ఆ సాయంత్రం ఆవిడ బీరువా తెరిచి ఫోను బయటకి తీసి, ఆ అడ్డుకట్టని తీయించేద్దామని భర్తతో అంది. ఆయన ససేమిరా అన్నాడు. ఎవరు పడితే వాళ్లు తిరిగే చోటికి తలుపులు బార్లా తీసి పిల్లని వదిలేస్తామా అని అడిగాడు. అది అడగవలసిన ప్రశ్నే.

"తలుపులు మూసే ఉంచాం కదండీ. పిల్లే లోపల లేదు," అంది ఆవిడ.

అలాగని గాలికి వదిలేద్దామని తను అనడం లేదనీ, పిల్ల నడుపుతుంది, మనలో ఒకరు పక్క సీట్లో కూర్చుంటామనీ ఆవిడ వివరంగా చెప్పింది. ఫోను ముందుగదిలోనే ఉండాలి. చూసేది పైకి చెబుతూ చూడాలి. చేతికి అలవాటయ్యేకొద్దీ పక్క సీటువాళ్లు మెల్లిగా లేచి పనులు చూసుకోవచ్చు. చివరికి ఆయన ఒప్పుకున్నాడు, కానీ మొదటి నాలుగు రోజులు తనూ దగ్గర కూర్చుంటానని పట్టుబట్టాడు.

సిసింద్రీ ఒప్పుకోలేదు. నాకు ఫోనే వద్దు, బీరువాలోనే ఉంచుకోండి అని మొహం తిప్పుకుంది. బ్రేకమ్మ బతిమాలలేదు, గద్దించలేదు. సోఫాలో బాసింపట్టు వేసుకుని తన ఫోను తీసింది.

"పైనింట్లో నీ మాటలు అందరి ముందూ చదవడం నా తప్పు. భయపడి చేశాను. నువ్వు రాసింది నిజమే, నాకు అన్నిటికీ భయం. ముందు నేను నడుపుతాను, నువ్వు పక్కన కూర్చో."

పిల్ల దూరంగా, సోఫా చివర కూర్చుంది. తల్లి ఫోనులో కనబడేవన్నీ పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. ఇక్కడ చెల్లెలు పెళ్లి ఫోటో పెట్టింది, ఇక్కడెవరో మోకాళ్ల నొప్పికి నూనె అమ్ముతున్నారు, ఇక్కడ నా పార్శిలు ఆగిపోయిందట, ఇది నొక్కి వివరాలు ఇస్తే పంపిస్తారట అంటూ వేలు అటు పోనిచ్చింది. సిసింద్రీ కాలు టప్పున నేలని తొక్కింది.

ఇద్దరూ ఆ పాదం వంక చూశారు. పిల్ల పెదాలు బిగబట్టింది గానీ నవ్వు ఆగలేదు. అసలు మనం పార్శిలే తెప్పించుకోలేదు కదమ్మా అని తల్లికి ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఊరికే పరీక్షించానని బ్రేకమ్మ బుకాయించింది. నిజానికి ఆవిడ ఆ మీట నొక్కేసేదే. ఆ విషయం పిల్లకీ తెలుసు.

అలా మొదలైంది. కొన్ని రోజులు ఇద్దరూ వంతులు వేసుకుని నడిపారు. సిసింద్రీ పిల్లుల గుంపులోకి మళ్లీ వెళ్లింది, ఈసారి ముందుగదిలోంచి. ఏ బొమ్మ ఎవరు పెట్టారో, ఎవరు పొగుడుతున్నారో, ఎవరు ఏం అమ్మజూస్తున్నారో చెబుతూ ఉండేది. బాసింపట్టు వల్ల బ్రేకమ్మ కాళ్లు తిమ్మిరెక్కేవి. నువ్వు నేలకి దిగొచ్చు, గచ్చు ఎదురుచూస్తోంది అని భర్త దెప్పేవాడు. ఆవిడ దిగేది కాదు. పిల్ల తిరిగి వాగుతోంది, చెప్పులు మళ్లీ చెరో మూలా పడుతున్నాయి. అయితే అన్నీ పైపై కబుర్లే అని తల్లికి తెలుస్తూనే ఉంది. ఏదో ఒకటి నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోతోంది.

ఒక సెలవురోజు ఉదయం తల్లి సోఫాలో ఉతికిన బట్టలు మడతపెడుతుంటే, సిసింద్రీ వచ్చి పక్కన కూర్చుంది. తల్లి వైపు కాకుండా ఫోను వైపే చూస్తూ మొదలుపెట్టింది.

"ముందు ఒక మనిషి ఉన్నారమ్మా. నా బొమ్మలు అందరికంటే బాగున్నాయంటారు. తనకీ నా వయసేనంటారు. గుంపులో వద్దు, విడిగా వేరే చోట మాట్లాడుకుందాం అంటున్నారు. నా ఫోటో పంపమంటున్నారు. మీ అమ్మకి చెప్పకు, ఆవిడకి అన్నిటికీ భయం కదా అంటున్నారు."

బ్రేకమ్మ చేతిలో ఉన్న చొక్కాని పిడికిలి బిగించి పట్టుకుంది. లాక్కోవడానికి ఫోను ఇంత దగ్గరలో ఉంది. కాళ్లు రెండూ ఒకదాని కింద ఒకటి మడిచి ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

"మరి నువ్వేం చేశావు?" అని మాత్రం అడిగింది.

ఫోటో పంపలేదంది పిల్ల. విడిగా రానని చెప్పేసిందట. అక్కడితో ఆగి, మడతపెట్టిన తువ్వాలు ఒకటి తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఇంకోటుంది. నువ్వు ఫోను బీరువాలో పెట్టినప్పుడు, నాకు బాగా కోపంగా ఉండేది. అప్పుడు బళ్లో వేరేవాళ్ల ఫోనులో ఈ మనిషికి మా బడి ఏదో చెప్పేశాను," అంది.

తను బ్రేకు తొక్కిన రోజుల్లోనే పిల్ల గీత దాటింది. అది అర్థమై బ్రేకమ్మకి అరవాలనిపించింది, ఏడవాలనిపించింది, భర్తని పిలవాలనిపించింది. ఏదీ చేయకుండా కూతురి తల తన భుజానికి ఆనించుకుంది. "చెప్పావు, అది చాలు. మిగతాది కలిసి చూద్దాం," అంది.

పిల్లే తన చేతిలోని ఫోను తల్లి ఒళ్లో పెట్టింది. ఆ మనిషి రాసినవేవీ చెరపకుండా అన్నీ భద్రపరిచారు. గుంపు నడిపేవాళ్లకి రాశారు. తండ్రి స్నానం చేసి వచ్చి సంగతి విని, మొహం పాలిపోయినా, ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఇలాంటివి చూసే పోలీసు విభాగానికి ఫోను చేసి, బడి తెరవగానే పెద్ద టీచరుని కలుస్తామని కూడా చెప్పాడు. అవతలివాళ్లు అన్నీ రాసుకుని, అమ్మాయి వేళకి చెప్పింది, మంచి పని చేసింది అన్నారట. ఆ మాట ఆయన కూతురికి రెండుసార్లు చెప్పాడు.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని బ్రేకమ్మ అడగదలుచుకోలేదు. పిల్లే చెప్పింది.

"రోజూ చెబుదామనే అనుకునేదాన్నమ్మా. నీ కాళ్లు చూసేదాన్ని. ఏదో ఒకరోజు కింద పెట్టేస్తావనుకున్నా. పెట్టలేదు."

వంటింట్లో పాలు పొంగుతున్న వాసన వస్తే బ్రేకమ్మ లేవబోయింది. కాళ్లకి తిమ్మిరెక్కి, కుడిపాదం నేల మీద ఆనలేదు, పట్టు తప్పి పక్కకి ఒరిగింది. సిసింద్రీ చప్పున భుజం అందించి, ఒక్కో అడుగే వేయించుకుంటూ తల్లిని పొయ్యి దాకా తీసుకెళ్లింది. దారి పొడుగునా ఏమున్నాయో పైకి చెబుతూనే ఉంది: ముందు కుర్చీ, ఎడమవైపు నాన్న, కింద నా చెప్పులు.