సూరమ్మ రాసిన కాగితం

ఆదివారం ఆరాధన ముగిశాక మొగల్తూరు చర్చి వెనుక గదిలో ఎనిమిది మంది ఆడవాళ్లు చాపల మీద కూర్చుని రాసుకుంటున్నారు. అందరూ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనివాళ్లే. మనసులోని బాధను నాలుగు వారాలపాటు కాగితం మీద పెడితే బరువు తగ్గుతుందా అన్నది పరిశోధన. యూనివర్సిటీ సైకాలజీ ల్యాబ్ తరఫున ఆ పని చేస్తున్న మెర్సీ ఆ ఊరి అమ్మాయే, రిటైరైన సాల్మన్ మాస్టారి కూతురు. బయటివాళ్లు అడిగితే అక్కడ ఎవరూ పెన్ను పట్టేవారు కారు.

"ఇది ఎవరూ చూడరు కదమ్మా?" అని సూరమ్మ అడిగింది.

"మా సారూ నేనూ తప్ప ఎవరూ చూడరు పిన్నీ," అంది మెర్సీ. తర్వాత ఇంగ్లీషులో ఉన్న మూడు పేజీల ఫారం మీద అందరిచేతా సంతకాలు పెట్టించింది. దాన్ని ఆమె కూడా పూర్తిగా చదవలేదు.

ఏడో తరగతి దాకా చదివిన సూరమ్మ చివరి వారం ఇలా రాసింది: "మా ఆయన ఆరేళ్ల కిందట కొబ్బరిచెట్టు మీంచి పడి పోయారు. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కానీ ఆ వారం నన్ను ఎవరూ కొట్టలేదు. పదిహేనేళ్లలో మొదటిసారి కంటినిండా నిద్రపోయాను. ప్రభువు నన్ను క్షమించాలి."

అది చదివి మెర్సీ కళ్లు తుడుచుకుంది. ఆ ల్యాబ్ నడిపే ప్రొఫెసర్ పల్లంరాజు గారు మాత్రం, "మన పేపరుకి ఇదే ప్రాణం," అన్నారు.

రెండు నెలలకు రాజమహేంద్రవరంలో ఒక హోటలు హాల్లో సదస్సు జరిగింది. సూరమ్మ చేతిరాతను తెర మీద గోడంత చేసి చూపించారు. పేరు కొట్టేశారు గానీ ఊరు, కొబ్బరిచెట్టు అలాగే ఉన్నాయి. హాలంతా చప్పట్లు. ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. మూడో రోజుకి అది మొగల్తూరు చేరింది.

అత్తగారు చర్చి వాకిట్లోనే నిలదీసింది. "మొగుడు చస్తే నిద్ర పట్టిందటే నీకు?"

షెడ్డులో పక్కన కూర్చునేవాళ్లు పీటలు దూరం జరుపుకున్నారు. ఇరవయ్యేళ్ల కొడుకు ఐజాక్ తల్లి వండింది ముట్టడం మానేశాడు. తండ్రి కొట్టడం వాడు చూడనిది కాదు. అయినా ఊరివాళ్ల మాటలు పడలేక భీమవరం వెళ్లిపోయి చేపల చెరువుల మీద పనికి కుదిరాడు.

మెర్సీ ప్రొఫెసరు గారి గదికి పరుగెత్తింది. "సార్, ఆ కాగితం ఇచ్చేయండి. పేపర్లోంచి కూడా తీసేయండి."

"పేరు తీసేశాం కదమ్మా. ఎక్కడైనా చూపించుకోవచ్చని ఫారంలో ఒప్పుకున్నారు," అంటూ ఆయన మూడో పేజీ తిప్పి చూపించారు. "ఇదిగో, సాక్షి సంతకం నీదే."

ఇంటికొచ్చి తండ్రికి చెప్పింది. మాస్టారు ఒక్కటే అడిగారు.

"సంతకం పెట్టించేముందు చదివి వినిపించావా?"

"లేదు నాన్నా."

"మీ సారుది తప్పే. కానీ ఆవిడకి మీ సారెవరో తెలీదమ్మా. నిన్ను నమ్మి రాసింది."

మర్నాడు మెర్సీ వెళ్లేసరికి సూరమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. తిట్టలేదు. కూర్చోమని కూడా అనలేదు.

"ఎంత బరువైనా ఇన్నాళ్లూ ఆ మాట నా దగ్గరే ఉండేదమ్మా. అదీ పట్టుకుపోయారు. మా వాడు కనిపిస్తే చెప్పు, వాళ్ల నాన్న చావు నేను కోరుకోలేదని."

మెర్సీ భీమవరం వెళ్లి చెప్పింది. ఐజాక్ విన్నాడు గానీ ఇంటికి రాలేదు.

ఆ పేపరు విదేశీ పత్రికలో అచ్చయింది. రాసుకుంటే ఆడవాళ్ల దుఃఖం తగ్గుతుందని తేలిందట. రచయితల్లో రెండో పేరు మెర్సీది. ఆ పేరు తీసేయమని ఆమె పత్రికకు రాసిన ఉత్తరానికి ఈనాటికీ జవాబు లేదు.

చదువుకున్న వాళ్లకు ఒక మాట. నమ్మి చెప్పుకున్న మనిషి బాధను ఆ మనిషికి తెలియకుండా నలుగురిలో పెట్టడం దొంగతనమే, దానికి శాస్త్రమని పేరు పెట్టుకున్నా, కింద సంతకం చూపించినా.