చీటీ గుచ్చిన చీర

“అల్మారా తలుపు తీస్తే బట్టలు మీద పడుతున్నయి. ఇయ్యాల ఆదివారమేనాయె, నీకు బడి లేదు. జర సదురరాదూ?” అన్నది మా అత్త సత్తమ్మ, నేను చాయ్ గ్లాసు చేతికి అందిస్తుంటే.

బడి లేని మాట నిజమే. బడి లేని రోజున నాకు ఇంట్లో రెండు బడుల పని ఉంటుంది. పిల్లల తలలంటి, వంట చేసి, గిన్నెలు తోమి బోర్లించి, పన్నెండు దాటాక అల్మారా ముందు కూర్చున్నాను. మా ఆయన రాజేశం మంచం మీద పత్రిక చదువుకుంటున్నాడు. ఆయనకూ ఆదివారమే.

అల్మారాలో నాలుగు అరలు. పై అర మా ఆయనది, కచ్చేరీకి వేసుకుపోయే ఇస్త్రీ బట్టలు. రెండోది అత్తది. అన్నిటికంటే కింద, గోడ చెమ్మ తగిలే అర నాదీ పిల్లలదీ. నేను దిద్దాల్సిన పరీక్ష కాగితాలు కూడా అందులోనే, బనియన్ల మధ్య. మూడో అర మాత్రం మాలో ఎవరిదీ కాదు. అది పెట్టుడు చీరలది.

మా దిక్కు ఏ కార్యానికి పోయినా ఆ ఇంటి ఆడవాళ్లకు చీర పెడతారు. అట్లా మనకు వచ్చిన చీరను మనం కట్టుకోం. మడత విప్పకుండా దాచి, ఇంకో ఇంట్లో కార్యమైతే వాళ్లకు పెడతాం. ఒక్కో చీర పది ఇండ్లు తిరుగుతుంది, ఒక్కరి ఒంటి మీదికీ ఎక్కదు. భయమల్లా ఒకటే. ఎవరు పెట్టిన చీర తిరిగి వాళ్లకే పోకూడదు. పోయిందా, ఇరవై ఏండ్లు ఎత్తిపొడుస్తారు. అందుకని ప్రతి చీరకూ ఒక చీటీ, ఒక పిన్నీసు.

ఆ చీటీలు రాసేది నేను. కాపురానికి వచ్చిన నెలలోనే అత్త అన్నది, “బీయే చదివినవట గదా. నీ రాత ముత్యాల్లెక్కున్నది. ఏ చీర ఎవలు పెట్టిండ్రో రాసి గుచ్చు.” ఆ మాటకు మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. సిరిసిల్లలో మా బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, నడుము విరిగేదాకా నేసి నన్ను హైదరాబాదులో చదివించింది ఈ చీటీల కోసమా? మా ఇంట్లో నాకంటే ముందు పదో తరగతి దాటినవాళ్లు లేరు. బడిలో మాత్రం ఏముంది? మగ పంతుళ్ల హాజరు పట్టీలు కూడా నాతోనే రాయిస్తారు, “మీ రాత బాగుంటది టీచరమ్మా” అని. ఇనస్పెక్టరు వచ్చిన రోజు పాఠం చెప్పేది వాళ్లు, చాయ్ అందించేది నేను.

చినిగినవి బొంత కుట్టించడానికి ఒక కుప్ప వేశాను. పిల్లలకు పొట్టివైనవి ఇంకో కుప్ప. తర్వాత మూడో అర దించాను. పదిహేడు చీరలు. మరునాడు సెలవు పెట్టి పొద్దున్నే వేములవాడ పోవాలి. మా ఆడబిడ్డ అనసూర్య కొడుక్కు పుట్టెంట్రుకలు. అందులోంచి నాలుగు చీరలు తీసి సంచిలో పెట్టాలి.

అడుగున పాత పత్రికలో చుట్టిన చీర ఒకటి ఉంది. పైన నా చీటీయే. “సిరిసిల్ల. అవ్వ తెచ్చింది.” పోయిన నెల నన్ను కన్న అవ్వ చూసిపోవడానికి వచ్చింది. నేను బడి నుంచి వచ్చేసరికి బస్సు వేళైందని గడపలో నిలబడి ఉంది. తెచ్చిన మూట ఎప్పట్లాగే అత్త లోపల పెట్టేసింది. కాగితాలు దిద్దుతూ, చీర వైపు చూడకుండానే చీటీ రాసిచ్చాను.

ఇప్పుడు ఆ పత్రిక విప్పాను.

మెంతి రంగు చీర. నేరేడు రంగు అంచు. అంచు లోపలి వైపు, వెతికితే తప్ప కనిపించకుండా ఒకే ఒక్క ఎర్రపోగు. మా బాపు చేతి గుర్తు అది. మడతలో ఇంకో చీటీ, పసుపు పచ్చబడ్డది, పిన్నీసు తుప్పు పట్టింది. అది కూడా నా రాతే. “సిరిసిల్ల. బాపు. బి.ఏ. పాసైనందుకు.”

యాభై తొమ్మిదిలో నేను పాసైతే, కూలికి నేసే సావుకారి పని అయ్యాక మిగిలిన పొద్దులో బాపు నా కోసం నేసిన చీర అది. ఉద్యోగం వచ్చిన రోజు కట్టుకోవాలని దాచుకున్నాను. ఆ రోజు చేతిలోకి తీసుకుంటే అత్త అన్నది, “గింత ముతక చీర కట్టుకపోతే పంతులమ్మ అనుకుంటరా, బడి ఊడ్చేదనుకుంటరా? ఇస్త్రీ చీర కట్టు. అది పెట్టుడుకు పనికొస్తది, చీటీ రాయి.” రాశాను. నా చేత్తోనే రాసి నా చేత్తోనే గుచ్చాను. చెప్పిన మాట వినడం ఒక్కటే నాకు బాగా వచ్చిన విద్య.

మూడో అరలో ఉన్న చీర అవ్వ తెచ్చిన మూటలోకి ఎట్లా పోయింది? లెక్క ఇప్పుడు తెలిసింది. నిరుడు మా అన్న భూమన్న ఇల్లు కట్టి గృహప్రవేశం చేసుకున్నాడు. నాకు పరీక్షల డ్యూటీ పడింది, పోలేదు. అవ్వకు పెట్టే చీర అత్తే తీసి మా ఆయన చేత పంపింది. అత్తకు చదువు రాదు.

బాపు చీర బాపు ఇంటికే పోయింది. నా రాతతో సహా. అవ్వ దాన్ని మళ్లీ నాకే తెచ్చింది. గడపలో నిలబడి అన్న మాట ఇప్పుడు అర్థమైంది. “సన్న చీరలు అలవాటైనయి గావచ్చు బిడ్డా. ముతకయి కట్టబుద్ధి కాదు. బాపు రానన్నడు.” అప్పుడు తొందరలో ఉండి, ఆఁ అన్నాను!

చీర పట్టుకుని అత్త దగ్గరికి పోయాను. చెప్పాను. ఆమె వక్క కొరుకుతూ విన్నది.

“నాకేం ఎరుక? ముతక చీరలన్ని ఒక్క తీర్గనే ఉంటయి. చదువుకున్నదానివి, నువ్వు చూసుకోవద్దా?” అన్నది. తర్వాత చీర అంచు వేళ్లతో నలిపి చూసింది. “మడత ఇప్పలేదు గదా, మంచిదే. రేపు అనసూర్య అత్తకు పెడుదాం. ముసలామెకు ఏదైతేంది?”

మా ఆయన పత్రిక దించలేదు. “ఒక్క చీరకు గింత లొల్లేంది? పండుగకు ఇంకోటి కొనిస్త తియ్.”

“మా బాపు చూసిండా దీన్ని?” అని అడిగాను.

“చూసిండు. చీటీ చదివిండు. చీర పక్కకు పెట్టి లోపలికి పోయిండు. ఏమనలే.”

“ఏడాదైంది. నాకెందుకు చెప్పలే మీరు?”

“చెప్తే గిట్లనే చేస్తవని చెప్పలే.”

మా బాపు చదువు రెండో తరగతి. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. ఆ చీటీ మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని ఉంటాడు. అది తన బిడ్డ రాతేనని పోల్చుకుని ఉంటాడు. హాస్టలు నుంచి రాసిన ఉత్తరాలన్నీ చూరులో దాచుకున్న మనిషి. ఈ ఇంట్లో నేను చేసిన చాకిరి ఏదీ ఆయన కంటికి కనపడలేదు. కనపడింది ఆ ఒక్క చీటీ. బిడ్డకు గర్వం వచ్చింది, నా నేత వెనక్కి పంపింది అనుకుని ఏడాదిగా నోరు మూసుకుని మగ్గం మీద కూర్చున్నాడు. ఇక్కడ ఈయన హాయిగా పత్రిక చదువుకుంటున్నాడు.

మళ్లీ అల్మారా ముందు కూర్చున్నాను. పదహారు చీరల పిన్నీసులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాను. చీటీలన్నీ కొంగులో పట్టుకుపోయి పొయ్యిలో వేశాను. చాయ్ మరిగేలోపు బూడిదయ్యాయి. పెట్టుడు చీరలు చెమ్మ అరలోకి దించాను. మూడో అర తుడిచి పరీక్ష కాగితాలు, నా నాలుగు చీరలు, నా పుస్తకాలు, పిల్లల బట్టలు పెట్టాను. మా ఆయన సంచిలో నాలుగు చీరలు, చేతికి వచ్చినవి, పెట్టాను. బాపు చీర తప్ప.

తెల్లవారి స్నానం చేసి బాపు చీర మడత విప్పాను. ఏడేండ్ల మడత. గీతలు పడి ఉంది. అట్లనే కట్టుకున్నాను. అత్త చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. “కొత్త చీర ఖరాబు చేస్తివి గదనే!” బస్సుకు వేళైందని అంతటితో ఊరుకుంది.

కరీంనగర్ నుంచి వేములవాడ మీదుగానే సిరిసిల్ల బస్సు పోతుంది. కండక్టరు వచ్చినప్పుడు మా ఆయన అందరికీ వేములవాడ టికెట్లు అడిగాడు. “నాకు సిరిసిల్ల” అని నేను పైసలు చాపాను. పక్క సీట్లో పిల్లలతో మాట్లాడుతున్నాడు, ఆయన వినలేదు.

వేములవాడలో అందరూ దిగారు. నేను కిటికీ పక్కన కూర్చునే ఉన్నాను.

“దిగవేందే?” అన్నాడు మా ఆయన కింది నుంచి.

“నేను బాపు దగ్గరికి పోతున్న.”

“ఏమన్న తెలివున్నదా? అక్కడ అనసూర్య ఎదురుచూస్తున్నది!”

అత్త సంచి తెరిచి చీరలు తిప్పి తిప్పి చూస్తోంది. “భూదేవీ, చీటీలేవి? ఏది ఎవలదో ఎట్ల తెలుస్తది? ఇందుల అనసూర్య అత్త పెట్టింది కూడ ఉన్నదేమో! పరువు పోతది పిల్లా, దిగి జర చెప్పు!”

“చీటీలు నిన్ననే పొయ్యిల ఏసిన అత్తా. ఇగ నీకు యాదికున్నంత పెట్టు.”

కండక్టరు తలుపు వేశాడు. బస్సు కదిలింది. అత్త ఆ నాలుగు చీరలూ గుండెకు పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంది. నేను ఒళ్లో పడ్డ కొంగు సర్దుకున్నాను. కూర్చుని కూర్చుని చీర అంతా నలిగింది. ఇక దీన్ని ఎవరికీ పెట్టలేరు.