ముత్తమ్మ మానేసిన రోజు

తుమ్మకొమ్మకు ఐదో ఉయ్యాల కట్టి, ముడి నిలుస్తుందో లేదో రెండుసార్లు గుంజి చూసింది ముత్తమ్మ. పాత చీరముక్కల్లో ఐదుగురు చంటివాళ్ళు. వాళ్ళ తల్లులు అప్పటికే మోకాలిలోతు బురదలో వంగి నాట్లు మొదలుపెట్టారు. మాడుగులపల్లి చుట్టుపక్కల ఎక్కడ నాట్లు పడ్డా పిల్లల్ని చూసే పని ఆమెదే. నడుము వంగిపోయిన ముసలిదానికి అంతకన్నా మంచి పని ఎవరిస్తారు? పొద్దున ఇంత జొన్నగట్క, సాయంత్రం ఇన్ని నూకలు. ఆమె పెద్దగా గొణిగిందీ లేదు.

బక్కపలచని మనిషి. చెంపలు లోపలికి పీక్కుపోయాయి. చేతులు ఎండి కట్టెలయ్యాయి. కుడి బొటనవేలి గోరు మాత్రం నల్లగా ఉంటుంది. నలభై ఏళ్ళుగా నల్లమందు నలిపిన గోరు అది.

ప్రతి తల్లీ పొద్దున్నే ఆవగింజంత నల్లమందు తెచ్చి ఆమెకిస్తుంది. చనుబాల చుక్కలో రంగరించి నాలుకకు రాస్తే పసివాడు మధ్యాహ్నం దాకా కిక్కురుమనడు. ఏడిస్తే తల్లి వరుసలోంచి లేస్తుంది. లేస్తే పటేలు మనిషి రేపటి నుంచి రావద్దంటాడు. రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది, కచేరీ మీద జెండా మారింది. ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ముత్తమ్మ చెయ్యి మంచిదని పేరు. ఆ చేతి సంగతి ముత్తమ్మకే తెలుసు.

నిన్న మధ్యాహ్నం తన వంతు మందు వేసుకుని చెట్టుకు ఆనుకుని జోగింది. కళ్ళు తెరిచేసరికి చివరి ఉయ్యాలలో పాపయ్య పెదవులు నీలంగా ఉన్నాయి. ఎనిమిది నెలల పసివాడు. పక్కనే వాడి అక్క ఎస్తేరు, ఆరేళ్ళది, తమ్ముణ్ణి నిద్రపుచ్చానని మురిసిపోతూ నిలబడింది.

"ఏడ్సిండవ్వా. నువ్వు పండుకున్నవ్. నేనే మందు పెట్టిన" అంది.

వాణ్ణి తలకిందులు చేసి, వీపు చరిచి, మొహాన కాలువనీళ్ళు కొట్టి, అరికాళ్ళు రుద్ది, పొద్దువాలేదాకా ముసలిది పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఎట్టకేలకు వాడు కేరుమన్నాడు. ఆ ఏడుపు విని కూలబడి తానూ ఏడ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే తల్లి సువార్తమ్మ పిల్లను చావబాదుతుంది, మర్నాడు మళ్ళీ మందు తెస్తుంది. తేక ఏం చేస్తుంది పాపం? చెప్పాల్సింది ఎస్తేరు లాంటి ఈ నడిచే పిల్లలకే అనుకుంది ముత్తమ్మ. రేపో మాపో తాను పోతే ఉయ్యాలల దగ్గర కూర్చునేది వీళ్ళే.

ఇవాళ చంటివాళ్ళకు మందు రాసింది. రాయకుండా ఉండే ధైర్యం ఆమెకు లేదు. రాసి, నడక వచ్చిన నలుగురినీ పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"జర ఇనుండ్రి. గీ నల్లమందు మీరు ముట్టొద్దు. తమ్ములకు పెట్టొద్దు. పెడితె సస్తరు."

నాలుగేళ్ళ ఐలయ్య ముక్కు ఎగబీల్చి, "నువ్వు రోజు తింటవు గద అవ్వా? సావలే గద?" అన్నాడు.

"మా అమ్మనే తెస్తది గద," అంది ఎస్తేరు. "అమ్మ తమ్ముణ్ణి సంపుతదా?"

ముత్తమ్మ దయ్యం పేరు చెప్పి చూసింది. పిల్లలు దయ్యాల ఆట మొదలుపెట్టారు. చేదని చెప్పింది. వాళ్ళు ఎప్పుడో ఆమె గోరు నాకి చూశారట.

చివరికి ఎస్తేరును ఒళ్ళోకి లాక్కుని నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది చెప్పింది.

"నాకో బిడ్డ ఉండె. ఆండాలు. గిట్లనే నాటుకాడ ఏడుస్తుంటె జరంత ఎక్కువ పెట్టిన. మాపటికి సల్లగైంది. గాలి సోకిందన్నరు అందరు. గాలి కాదు బిడ్డా, నేనే. గా దుఃఖం ఓర్వలేక నేను తినుడు పట్టిన."

ఎస్తేరు ఆమె మొహంలోకి చూసి, "మల్లెప్పుడు లేసిందవ్వా?" అని అడిగింది.

చావంటే ఏమిటో తెలియని పిల్లకు చావు గురించి ఏం చెప్పగలదు? మాటలతో అయ్యే పని కాదనుకుంది.

"నేను నిన్న పగటి సంది తినలే. ఇయ్యాల గూడ తినను. గిది మనిషిని ఏం జేస్తదో మీరే సూడుండ్రి."

చూశారు. పొద్దెక్కేసరికి ఆవలింతలు వరసపెట్టి వచ్చాయి. కళ్ళూ ముక్కూ కారాయి. ఎండలోనే ఒళ్ళు జలదరించింది. తర్వాత వాంతులు, కడుపులో మెలితిప్పడం. చెట్టు చాటుకు పోలేక ఉన్నచోటే చీర పాడుచేసుకుంది. ఐలయ్య భయపడి మిగతా ఇద్దరితో దూరంగా పారిపోయాడు. ముత్తమ్మ మట్టిలో పొర్లుతూ పళ్ళు కరుచుకుని మూలుగుతోంది. ఎస్తేరు ఒక్కతే కదల్లేదు.

"నొస్తుందా అవ్వా? ఏడ్వకు."

ఏడ్చేవాళ్ళను ఊరుకోబెట్టడానికి ఆ పిల్లకు తెలిసిన దారి ఒక్కటే. ఎస్తేరు ముత్తమ్మ కొంగుముడి విప్పింది. అందులో సూర్యాపేట అంగట్లో కొన్న ముద్ద ఉంది, నెలకు సరిపడేది. మొత్తం ముంతనీళ్ళలో వేసి పిసికి, ముసలిదాని తల ఎత్తి నోటికి ఆనించింది.

రెండో గుక్కకు ముత్తమ్మకు అర్థమైంది. వద్దనాలని చూసింది. ముంతను తోసేయాల్సిన చేతులు దాన్ని గట్టిగా పట్టుకున్నాయి. అడుగు నాకేదాకా వదల్లేదు.

కాసేపటికి కడుపులో పోటు తగ్గింది. వెచ్చగా, హాయిగా ఉంది. ఆ హాయిలోనే ఆమెకు తెలిసొచ్చింది. తాను నలభై ఏళ్ళు మోసిన పాపం ఇప్పుడు ఈ పసిదాని నెత్తిన పడబోతోంది. నోట్లో వేలు పెట్టుకుని కక్కాలని చూసింది. వేలు నోటిదాకా లేవలేదు.

"ఎస్తేరూ... ముంత ఎవలు పట్టుకున్నరు?"

"నువ్వే."

"ఆఁ. నేనే తాగిన. నీ తప్పు లేదు. ఎవలడిగినా ముత్తవ్వే తాగిందని చెప్పు."

"పిసికింది నేను గదా?"

"కాదు బిడ్డా. తాగింది నేను." నాలుక మందమవుతోంది. "జరసేపైతె లేపి సూడు. లేవను. రేపు గూడ లేవను. తమ్మునికి పెడితె... వాడు గూడ గంతే."

ఎస్తేరు కాసేపు ఆగి లేపింది. మళ్ళీ లేపింది. పొద్దు వాలేదాకా లేపుతూనే ఉంది.

ఆడవాళ్ళు బురదకాళ్ళతో వచ్చి చుట్టూ మూగారు. "ముత్తవ్వే తాగింది," అని ఎస్తేరు అడిగినవాళ్ళకూ చెప్పింది, అడగనివాళ్ళకూ చెప్పింది. ముసలిదానికి మందు ఎక్కువైంది, నొప్పి తెలియకుండా పోయిందిలే అనుకున్నారు. ఆ సాయంత్రమే మట్టి చేశారు.

నాట్లు ఆగవు కదా. తెల్లవారి సువార్తమ్మ కూతురిని తుమ్మచెట్టు కిందికి తీసుకొచ్చింది.

"ఇయ్యాల సంది నువ్వే సూడాలె బిడ్డా. ఇగో, వాడు ఏడిస్తె జరంత రాయి."

ఎస్తేరు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. తల్లి బతిమాలింది. చెంప మీద కొట్టింది. పిల్ల ఏడ్చింది కాని చేతులు ముందుకు తేలేదు. అవతల పటేలు మనిషి కేకేశాడు. సువార్తమ్మ మందు మడిచిన మోదుగాకును ఒడ్డు మీద పెట్టి, కన్నీళ్ళు తుడుచుకుంటూ మడిలోకి దిగింది.

కాసేపటికే పాపయ్య ఏడుపు అందుకున్నాడు. వాడి గొంతు పొలమంతా వినిపిస్తోంది. మడిలో తల్లి రెండుసార్లు తలెత్తి చూసి మళ్ళీ వంగింది. ఎస్తేరు వాణ్ణి చంకనెత్తుకుని, బరువుకు ఒక పక్కకు ఒరిగిపోతూ అటూ ఇటూ తిరుగుతోంది. ఒడ్డు మీద, గాలికి ఎగిరిపోకుండా పైన పెట్టిన మట్టిపెళ్ళ కింద, మడిచిన మోదుగాకు అలాగే ఉంది.