ఎర్రయ్య రికార్డులో సొరచేప

పలాసలో మా క్లినిక్‌కి కంప్యూటరొచ్చిన ఏడాది, పాత రిపోర్టులు స్కాన్ చేసి పేషెంటు రికార్డుకు జతచేయడం నా పని. మంచినీళ్లపేట నుంచి దాలమ్మ తన భర్త ఎర్రయ్య కిడ్నీ రిపోర్టులు తెచ్చింది. ఎక్కించి కాగితాలు తిరిగిచ్చినా ఆమె కదల్లేదు. రొండిన దోపుకున్న కవర్లోంచి ఓ ఫొటో తీసింది. ఒడ్డున పడవంత సొరచేప, పక్కన ఎర్రయ్య.

"ఇదీ ఎక్కించు పాపా."

నాకు ఒళ్లు మండింది. వెనకాల లైను గేటు దాకా ఉంది. "ఇది రిపోర్టు కాదు కదమ్మా!"

"ఆటిల్లో జబ్బే ఉంది. మనిషేడీ? డాట్రుబాబు మా ఆయన్ని సూడాల గదా!"

ఫొటో అందుకుని స్కానర్‌లో పెట్టాను. ఎక్కించాను.

మా సాఫ్ట్‌వేర్‌లో ఆఖర్న పెట్టిన ఫైలే ముందు తెరుచుకుంటుంది. ఎర్రయ్య వంతు రాగానే, నా బల్లకి ఎదుటి గదిలో డాక్టరుగారు రికార్డు తెరిచారు, సొర కనబడింది. నాకు తిట్లు తప్పవనుకున్నాను. ఆయన తెరను ఎర్రయ్య వైపు తిప్పారు.

"ఎంత తూగిందయ్యా?"

అప్పటిదాకా తల దించుకుని కూర్చున్న ఎర్రయ్య నడుం నిటారుగా చేశాడు.

"దాన్ని తూసే కాటా మా ఊళ్లో నేదు బాబూ!"