పదికి సున్నా

నేను ఒక రూళ్ళకర్రను. టేకు కొమ్మను గుండ్రంగా చిత్రిక పట్టిన వడ్రంగి నన్ను తిన్నని గీతలు గీయడానికే చేశాడు. కొన్న పేరయ్య మాస్టారు ముప్ఫై ఏళ్ళలో నాతో గీసినవి పది గీతలుంటాయేమో. మిగతా పనంతా పిల్లల అరచేతుల మీదే.

మాస్టారు పోయాక ఆయన కూతురు సుహాసిని డాక్టరమ్మ నన్ను మార్కాపురం దగ్గర తాగుడు మాన్పించే ఆసుపత్రికి తెచ్చింది. ఆమెది కళ్ళు కదిపించి మనసు గాయం మాన్పే వైద్యం. పాత భయం తగ్గితే, దాన్ని ముంచడానికి తాగే సారా కూడా తగ్గుతుందని ఆమె నమ్మకం. అందుకు దీపాలు అటూ ఇటూ పరుగెత్తే యంత్రం ఒకటి ఉండేది. ఎలుకలు దాని వైరు కొరికాయి, ఆ ఉద్యోగం నాకొచ్చింది. కొనకు ఎర్ర రిబ్బను కట్టి ముఖాల ముందు నన్ను ఆడించేది. ఒకాయన కళ్ళకు బదులు తలంతా తిప్పితే మెడ పట్టేసింది. వింత చూడవచ్చిన వంటమనిషి కళ్ళు తిరిగి కూలబడింది.

అప్పుడొచ్చాడు ఏసోబు. బావుల్లో పూడిక తీసే మనిషి. అడుగున తవ్వుతున్న బావమరిది దావీదు మీద ఒడ్డు విరిగిపడింది. పైనున్న ఏసోబు చేతిని కోసుకుంటూ దావీదుకు కట్టిన తాడు జారిపోయింది, అతను ప్రాణంతో పైకి రాలేదు. ఆనాటి నుంచి తాగుడే. ఈసారి మానకపోతే ఇంటికి రావద్దని చెప్పి భార్య మార్తమ్మ దించిపోయింది.

డాక్టరమ్మ ఆ బావిని తలచుకొమ్మని నన్ను ఆడించేది. ఆపి, ఇప్పుడు పదికి ఎంత అని అడిగేది. ఏసోబు నావంక ఓసారి చూసి "పదమ్మా" అనేవాడు. వారానికీ పది, నెలకీ పదే. మనిషి తింటున్నాడు, నిద్రపోతున్నాడు, అంకె మాత్రం దిగదు. విసిగిన డాక్టరమ్మ మార్తమ్మను పిలిపించి, ఈ వైద్యం ఇతనికి పడలేదు, ఒంగోలు పెద్దాసుపత్రికి పంపేస్తానంది.

మార్తమ్మ తెల్లబోయింది. "పదికి పదీ తెచ్చుకుంటంటే పంపటమేందమ్మా? మా ఇంట్లో ఎవురికీ అన్ని రాలా."

అప్పుడు డాక్టరమ్మ ఏసోబు ముందు కూర్చుని, ఇవి మార్కులు కావనీ, బాధ ఎంతుందో చెప్పే లెక్కనీ, ఎంత తక్కువైతే అంత మంచిదనీ నెమ్మదిగా చెప్పింది.

ఏసోబు తల వంచుకున్నాడు. "అయితే మూడు వారాల్నించి సున్నానేనమ్మా. దావీదు గుర్తొస్తాడు గానీ గుండె జారట్లా. సీసా మీదికీ మనసు పోవట్లా. చేతిలో కర్ర బెట్టుకొని అడిగితే సున్నా అని ఎట్టా చెప్పేది?"

అంటూనే బడినాటి అలవాటు కొద్దీ అరచెయ్యి చాపాడు. డాక్టరమ్మ నన్ను అందులో పెట్టింది. తాడు కోసిన మచ్చ మీద అడ్డంగా పడుకున్నాను. అరచేతి మీదికి వెళ్ళి దెబ్బ కాకుండా ఉండటం నాకదే మొదలు.

గురువారం గురువారం రమ్మని చెప్పి పంపించింది. మార్తమ్మ ఆయన బట్టల సంచి తనే భుజాన వేసుకుంది. గడప దాటుతూ గొంతు తగ్గించి అంది:

"ఊళ్ళో ఎవురన్నా అడిగితే మాత్రం పదే అని చెప్పు."