నిటారు ముళ్లు

అల్లుడు విమానాలు తయారుచేస్తాడు. రేకుతో కాదు, కంప్యూటర్లో. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో పుట్టిన జెట్ ఫైటర్లను ఒక్కో మర చొప్పున కొలిచి బొమ్మకట్టి, ఇంట్లో కుర్చీలో కూర్చుని ఎగిరే సిమ్యులేటర్ జనానికి అందిస్తాడు. విమానంలో అనుమానం ఉండకూడదన్నది ఆయన అభిమానం. ‘ఆధారం లేనిదానికి ఆకారం లేదు’ అని తెర నెత్తిన చీటీ అంటించుకున్నాడు. మీటైనా మేకైనా రెండు ఆధారాలుంటేనే లోపలికి రానిస్తాడు. కాగితం చెల్లుతుంది, ఫోటో చెల్లుతుంది, లోహం చెల్లుతుంది. మనిషి జ్ఞాపకం మాత్రం చెల్లదు. ఈ పట్టింపు వల్ల ఆయనకు పేరొచ్చింది, స్నేహితులు తగ్గారు.

ఈసారి చేసింది మామగారి విమానం. మామగారు పైలట్ కాదు, దాన్ని నడిపిన వైమానిక దళంలో మెకానిక్. పదకొండేళ్లు రోజూ పొద్దున్నే దాని సీట్లో కూర్చుని, ఇంజను నడిపి, చెవితో విని, కంటితో చూసి, ఆపి దిగిపోయేవాడు. నేల మీంచి అంగుళం లేచింది లేదు. ఆయన చేతిలో ఒక్క ఇంజను కాలిపోయిందీ లేదు.

విడుదల శనివారం. ఈలోగా మామగారి నోట “ఇది నా విమానమే” అన్న మాట రావాలని అల్లుడి ఆశ.

“నా పెళ్లి చీరే బాగుందనలేదు మా నాన్న. మీ విమానాన్ని అంటాడా?” అంది భార్య, ఇస్త్రీ బట్టల దొంతర కుర్చీ మీంచి తీస్తూ. ఆ గది విమానాలకీ బట్టలకీ ఉమ్మడి ఆస్తి.

ఆదివారం పొద్దున మామగారు వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా మూడు తెరలు, చేతికింద విమానాన్ని తిప్పే కర్ర, ఎడమపక్క ఇంజను వేగం పెంచే పిడి.

“ఎగరండి మామయ్యగారూ.”

“ఎగరడం నా ఉద్యోగం కాదయ్యా. ఇంజను నడిపి చూస్తా.”

నడిపాడు. చప్పుడు విని తలూపాడు. అల్లుడు గుండె దిటవు చేసుకుని, మొదటే పెట్టి ఉంచిన రోగాన్ని వదిలాడు. ఆయిల్ ఒత్తిడి మెల్లగా పడిపోతుంది, మంచి మెకానిక్ అయితే పట్టేస్తాడు. మామగారి పనితనం చూసి మురిసిపోదామని అల్లుడి ఎత్తు.

మామగారు పట్టలేదు. నిమిషం తర్వాత ఇంజను గరగరమని, పొగ కక్కి, చచ్చింది.

మామగారు కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకోలేదు.

“కళ్లు పోయాయి. మనిషీ పోయాడు. ఇంకెవరినైనా కూర్చోబెట్టు” అని లేచి వెళ్లిపోయాడు. కాఫీ కూడా తాగలేదు.

భార్య గుమ్మంలో నిలబడి ఉంది. “మెచ్చుకోలు రాబట్టమంటే మనిషిని పడగొట్టి పంపారు. విమానాలు కాదు, మీరు కాస్త నేల మీద నడవడం నేర్చుకోండి.”

మూడు రోజులు మామగారు ఫోనెత్తలేదు. నాలుగోరోజు పొద్దున్నే తలుపు కొట్టి, చెప్పులైనా విప్పకుండా, “ఆ గడియారాలు ఏవీ, చూపించు” అన్నాడు. ఇంజను స్థితి చెప్పే నాలుగు గుండ్రటి మీటర్లను ఆయన గడియారాలంటాడు.

అల్లుడు తెర వెలిగించాడు. మామగారు దగ్గరగా వంగి చూశాడు.

“వీటిని నిటారుగా బిగించింది ఎవడు?”

“నేనే. కంపెనీ నక్షాలో నిటారుగానే ఉన్నాయి. మ్యూజియంలో ఉన్న మీ దళం విమానం ఫోటోలో మాత్రం మూడు వంకరగా ఉన్నాయి. ఎవరో తెలియక తిప్పి పెట్టారనుకుని నేను సరిచేశాను.”

“సరిచేశావా. ఆ తెలియనివాణ్ణి నేనేనయ్యా అల్లుడుగారూ.”

అల్లుడికి ‘గారు’ అన్న చోట కలుక్కుమంది.

“మీటరు చుట్టూ చూడక్కర్లేదు, ముల్లు చూస్తే చాలు,” అన్నాడు మామగారు. “అంతా బాగున్నప్పుడు నాలుగు ముళ్లూ పైకి నిటారుగా ఉండేలా మూడు మీటర్లని తిప్పి బిగించుకునేవాళ్లం, నాలుగోదాని ముల్లు తిప్పకుండానే నిలబడేది. అంకెలెవడు చదువుతాడు? నాలుగూ నిలబడితే సరే. ఒకటి వాలిందంటే రోగం. నువ్వు మీటర్లు నిటారు చేసి ముళ్లన్నీ తలోదిక్కు పెట్టావు. అందులో నేనేం చూడను?”

అల్లుడికి నమ్మకం కుదిరింది. నియమం కుదరలేదు. ఫోటో ఒక ఆధారం. రెండోది?

“నా మాట చాలదా?”

“మీ మాట మూడోది మామయ్యగారూ. నాకు రెండోది కావాలి.”

మామగారికి కోపం రావలసింది. రాలేదు. పని తెలిసినవాడి మొండితనం ఆయనకు కొత్త కాదు. “మ్యూజియంవాళ్లని ఎర్ర గీత చూడమను” అన్నాడు. స్క్రూ బిగించాక దాని తల మీంచి పక్క రేకు దాకా ఒక రంగు గీత గీస్తారట. స్క్రూ కదిలితే గీత తెగుతుంది.

అల్లుడు ఫోన్ చేస్తే మ్యూజియం ఆవిడ టార్చి పట్టుకుని విమానం ఎక్కింది. ఫోన్లో ఆయాసం వినిపించింది.

“వంకర మీటర్లు మూడింటికీ గీతలున్నాయండీ. రంగు వెలిసింది గానీ ఎక్కడా తెగలేదు. ఆ మీటర్ల పలక మా దగ్గరకొచ్చాక ఎవరూ విప్పనే లేదు.”

అల్లుడు ఆ మధ్యాహ్నమే మూడు మీటర్లనూ తిరిగి వంకర చేశాడు. వంకరే సక్రమమని ఒప్పుకోవడానికి ఒక గంట, చెయ్యడానికి పది నిమిషాలు పట్టింది.

శుక్రవారం పొద్దున మామగారు మళ్లీ సీట్లో కూర్చున్నాడు. అల్లుడు పాత రోగాన్నే పెట్టాడు, ఎప్పుడు తగులుతుందో తనకూ తెలియకుండా.

ఇంజను అందుకుంది. ముళ్లు నాలుగూ లేచి నిలబడ్డాయి. మామగారు మోకాలి నొప్పి గురించి, దానికి డాక్టరు చెప్పిన వ్యాయామం గురించి, ఆ డాక్టరు తన మోకాళ్లు వంచలేని సంగతి గురించి చెబుతూ, మాట మధ్యలో చెయ్యి చాచి ఇంధనం కట్టేశాడు.

“ఏమైంది?” అన్నాడు అల్లుడు.

“ఆయిల్.”

అల్లుడు వంగి చూశాడు. మూడో ముల్లు వెంట్రుకవాసి వాలి ఉంది. అల్లుడికి తన కళ్లజోడు సరిచేసుకుంటేగాని కనిపించలేదు.

“కాగితం ఏదీ?” అన్నాడు మామగారు.

“ఏ కాగితం?”

“మెకానిక్ సంతకం లేకుండా పైలట్ ఎక్కడు. ఇన్ని ఆధారాలు వెతికావు, ఆ ఫారం లేదా?”

అల్లుడు ప్రింటర్లోంచి తెల్లకాగితం లాగి ఇచ్చాడు. మామగారు ఇస్త్రీ బల్ల మీద పెట్టి తీరిగ్గా రాశాడు. ‘ఇంజను: సరి. మీటర్లు: సరి. ఎడమ బ్రేకు పట్టడం లేదు. వేగం పెంచితే ముక్కు కుడికి జరుగుతోంది. సరిచేసేవరకు ఎగరరాదు.’ కింద సంతకం చేసి, తేదీ వేసి, పక్కన దళంలో తన నంబరు కూడా వేశాడు.

అల్లుడు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, విమానాలకు రంగులు వేసే భాగస్వామికి ఫోన్ చేశాడు.

“రేపటి విడుదల ఆపు.”

“మళ్లీ ఏమొచ్చిందయ్యా? జనం కాచుక్కూర్చున్నారు.”

“విమానం నేల మీదే ఉండాలట,” అన్నాడు అల్లుడు, దాచుకోలేని సంతోషంతో. “దాని మెకానిక్ ఒప్పుకోవడం లేదు.”